చింతపిక్కల జట్టు

నెల్లూరు దగ్గర కోట అనే మా ఊళ్లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు నలుగురే నలుగురు. ఊరంతా క్రికెట్ చూస్తుంటే ఈ నలుగురూ శుక్రవారం నమాజు అయ్యాక మా పరుపుల దుకాణంలో చేరి, మన దేశం జట్టు ఎందుకు ఓడిపోయిందో తేల్చుకునేవాళ్లు. గెలిచిన రోజులు లేవని కాదు. గెలిచినప్పుడు ఇంకా గట్టిగా కొట్లాడుకునేవాళ్లు, ఆ గెలుపు ఎవరి పుణ్యమో తేలాలి కదా.

నలుగురిలో పెద్ద మా నాయన. వయసులో ఉండగా మద్రాసులో ఒక పరుపుల దుకాణంలో దూది ఏకుతూ, సాయంత్రాలు పక్క మైదానంలో గోల్ ముందు కాపలా నిలబడేవాడట. పరుపు కుట్టే పనీ, ఈ పిచ్చీ అక్కణ్ణించి తెచ్చుకున్నవే. రెండూ నాకంటించాడు. రెండో ఆయన వరి పండించే రైతు, నాయనకు చిన్ననాటి స్నేహితుడు, నేను మామా అని పిలుస్తాను. మూడో ఆయన బడిలో ఆటలు నేర్పి రిటైరైన సారు. నాలుగో అతను రొయ్యల గుంటల దగ్గర పనిచేసే అన్న. నన్ను లెక్కలో వేసుకునేవాళ్లు కాదు గానీ, పక్కన పరుపు కుడుతూనే నేనూ మధ్యమధ్యలో నోరు పెట్టేదాన్ని. ముక్కు మీద కోపం నాకు నాయన నుంచే వచ్చింది.

వాదనకు ఒక పద్ధతి ఉండేది. అమ్ముడుపోని పరుపొకటి నేల మీద వేసి, దాని చారల గుడ్డ మీద పదకొండు చింతపిక్కలు పేర్చేవాళ్లు. అది మన జట్టు. పదకొండు గవ్వలు అవతలి జట్టు. ఎవరైనా ఒక పిక్కను జరపాలనుకుంటే దాని మీద వేలు పెట్టి జరిపి, వేలు తీసేలోగా కారణం చెప్పాలి. వేలు ఉన్నంతసేపు ఇంకెవరూ మాట్లాడకూడదు. కారణం చెప్పకుండా వేలు తీస్తే పిక్క మళ్లీ పాత చోటికే. ఈ చట్టం చేసింది నాయనే. అంతకుముందు సారు బడిపిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు పిక్కలన్నీ గబగబా సర్దేసి ‘‘అదంతే’’ అనేవారు. ‘‘అదంతే’’ అన్న మాట నాయనకు గిట్టదు.

ఆ పరుపు మీద ఎన్ని తగువులు నడిచాయో చెప్పలేను. వెనక ముగ్గురు చాలా, నలుగురుండాలా? వయసు మీదపడ్డ స్ట్రైకర్‌ను ఇంకా ఎంతకాలం మోస్తారు? ఒకసారి రొయ్యల అన్న, మైదానం బురదగా ఉంది కాబట్టే మనవాళ్లు పరిగెత్తలేకపోయారన్నాడు. ‘‘ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది నీ కథ. అవతలోళ్లకి వేరే బురద పోసినారా?’’ అని నాయన దులిపేశాడు. దుకాణం ముందు పోయేవాళ్లు ఏదో ఆస్తి తగాదా అనుకుని ఆగేవాళ్లు.

నిరుడు వానాకాలంలో ఒక పొద్దున నాయన దబ్బనానికి దారం ఎక్కించబోయి ఎక్కించలేకపోయాడు. కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. నన్ను పిలవబోయాడు, మాట రాలేదు. పక్షవాతం. నెల్లూరు ఆసుపత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. కొన్నాళ్లకు కాలు కాస్త కూడదీసుకుంది. మాట మాత్రం రాలేదు. మేం అనేదంతా ఆయనకు అర్థమవుతోంది, తను అనబోయేసరికి మాట దొరకడం లేదు.

మాట నేర్పించే డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ‘‘మొదటి నెలల్లో ఎంత మాట్లాడిస్తే అంత తిరిగొస్తుందమ్మా. ఆయన వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించొద్దు. సైగతో పని జరిగిపోతే నోరు తెరవాల్సిన అవసరమే ఉండదు, అట్లా వదిలేస్తే ఉన్నది కూడా పోతుంది.’’

ఆ మాట అమ్మకు చెప్పినా ఇంట్లో అదే జరుగుతోంది. నాయన కన్ను ఇటు తిప్పితే చాలు, అమ్మ నీళ్లు తెచ్చేది. అటు తిప్పితే మందు. ముప్పై ఏళ్ల పైచిలుకు కాపురం, ఆమెకు అడగకుండానే తెలిసిపోయేది. నాకు భయం పట్టుకుంది. ఊళ్లో నోటికి పేరుమోసిన మనిషి ఇంక బతికినన్నాళ్లూ మూగగా కూర్చుంటాడేమోనని.

అందుకే స్నేహితులు మళ్లీ శుక్రవారాలు రావడం మొదలుపెడితే ప్రాణం లేచొచ్చింది. పరుపు నేనే పరిచాను, పిక్కలు నేనే పేర్చాను. నాయన ఎడమచేత్తో ఒక పిక్కను జరిపాడు. కారణం చెప్పబోయి నోరు తెరిచి, మాట రాక, వేలు తీసేశాడు.

‘‘నువ్వు జెప్పిందే న్యాయం అన్నా’’ అన్నాడు రొయ్యల అన్న.

‘‘నిజమే, అదే సరైన చోటు’’ అన్నారు సారు.

మామ తల ఊపాడు. నాయన వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. ఇంకో పిక్క జరిపాడు. దానికీ అందరూ సరేనన్నారు. మూడోది ముట్టుకోలేదు. తర్వాతి శుక్రవారం గోడకు తలానించి కళ్లు మూసుకున్నాడు. వాళ్లు మంచివాళ్లు, జాలితోనే అట్లా చేశారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

వాళ్లు వెళ్తుంటే వెనకే వీధిలోకి పోయాను.

‘‘మామా, మీరు నాయన్ని చూడను వస్తుండారా, సాగనంపను వస్తుండారా?’’

‘‘ఏందిమే ఆ మాట? మనిషి అట్టుంటే ఇంకా కొట్లాడమంటావా?’’

‘‘కొట్లాడాల. చట్టం పెట్టింది ఆయనే గదా. కారణం చెప్పకపోతే పిక్క ఎనక్కి పోవాల. ఎవురిదైనా సరే.’’

‘‘పాపం గదమ్మా’’ అన్నారు సారు.

‘‘మీరు పాపం పాపం అంటే ఆయన ఇంక నోరు తెరవడు సార్. ఎందుకు తెరవాల?’’

మామ సారు వంక చూసి, సరేనన్నాడు.

ఆ వారంలోనే మన జట్టు ఒక గల్ఫ్ దేశంతో ఆడి ఓడిపోయింది. రెండు గోల్సూ మన ఎడమపక్క నుంచే పడ్డాయి. టీవీ ముందు నాయన రెండో గోల్‌కు ఎడమచేత్తో మంచం పట్టెను చరిచాడు. చరిచిన చప్పుడుకు నాకెంత సంతోషమేసిందో. ఓడిపోయినందుకు సంతోషించింది ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

శుక్రవారం మామ రావడంతోనే వెనక వరసలో ఎడమవైపు పిక్క మీద వేలు పెట్టాడు. ‘‘వీడు పనికిరాడు. రెండూ వీడి పక్కనించే పడినాయి. వీడి జాగాలో ఇంకోణ్ణి పెట్టాల’’ అని పిక్కను పరుపు మీద నుంచి తీసేశాడు. అది నటన కాదు, మామ నిజంగానే అట్లా అనుకున్నాడు.

నాయన కళ్లు మారిపోయాయి. వంగి, తీసేసిన పిక్కను తెచ్చి దాని చోట పెట్టాడు. దాని ముందు ఆడే పిక్కను వెనక్కి, దాని దగ్గరికి జరిపాడు. పెదాలు కదిలాయి. ఏమీ రాలేదు. వేలు తీశాడు.

రొయ్యల అన్న ఏదో అనబోయాడు. అతను నోరు తెరిచేలోగా నేను లేచి వెళ్లి ఎడమపక్క పిక్కను మళ్లీ పరుపు బయటికీ, ముందుదాన్ని దాని పాత చోటికీ మార్చేశాను.

‘‘కారణం చెప్పలా నాయనా.’’

మళ్లీ జరిపాడు. మళ్లీ తీశాను. మూడోసారి ఆయన పరుపు మీదున్నవన్నీ ఒక్క చేత్తో ఊడ్చేశాడు. పిక్కలూ గవ్వలూ దూదికుప్పలోకి పోయాయి. అమ్మ లోపల నుంచి పరుగెత్తుకొచ్చింది.

‘‘నీకు గుండె ఉండాదా మే? నలుగురిలో ఆయన్ని ఏడిపిస్తావా?’’

నేను దూదిలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటే ఏరాను. నేను ఏడిస్తే అమ్మ మాటే నెగ్గుతుంది, నాయన మళ్లీ గోడకు ఆనుకుంటాడు. అందుకని ఏడవలేదు. ఆ రాత్రి అమ్మ నాతో మాట్లాడలేదు, మరునాడూ మాట్లాడలేదు.

తర్వాతి శుక్రవారం నాయన వస్తాడని నాకు నమ్మకం లేదు. నేను దుకాణం తెరిచేసరికి ఆయన కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాదే పట్టుదల అనుకున్నానా, నేను పట్టిన కుందేలుకు మూడు కాళ్లయితే ఆయన పట్టినదానికి రెండే.

అట్లా వారాలు నడిచాయి. మామ ఆ పిక్కను తీసేస్తాడు, నాయన తిరిగి పెట్టి ముందువాణ్ణి వెనక్కి లాగుతాడు, మాట రాదు, నేను తీసేస్తాను. జట్టు ఈలోగా ఇంకో ఆట ఆడింది, కోచ్ ఆ ఎడమపక్క ఆటగాణ్ణే మళ్లీ దింపాడు, వాడు మళ్లీ తడబడ్డాడు. మామ తన మాటే నిజమైందని ఊరంతా చాటాడు. నాయన నోట్లో నుంచి అప్పుడప్పుడు ఒక మూలుగు, తెగిపోయిన అక్షరం. అంతకుమించి లేదు. అమ్మ చూపులు మాత్రం దబ్బనంలా గుచ్చుకునేవి.

ఒక శుక్రవారం నాయన ముందు పిక్కను వెనక్కి జరిపాడు గానీ వేలు తియ్యలేదు.

మేం ఎదురుచూశాం. ఆయన తియ్యలేదు. వేలు ఉన్నంతసేపు వంతు ఆయనదే, ఎవ్వరూ నోరెత్తకూడదు, తను పెట్టిన చట్టం తనకు తెలియదా. టీ చల్లారిపోయింది. బయట బస్సు ఆగి, మనుషుల్ని దించి, వెళ్లిపోయింది. నాయన నుదుటి మీద చెమట పట్టింది. సారు సాయం చేయబోయి నా ముఖం చూసి ఆగిపోయారు.

‘‘ఒ...’’ అన్నాడు నాయన. ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. వెనకున్న పిక్కను గడ్డంతో చూపించాడు.

‘‘ఒక్క... ఒక్కడే. వాడు.’’

ఎవరైనా చప్పట్లు కొడతారేమో, శభాష్ అంటారేమో, అంతా చెడుతుందేమోనని హడలిపోయాను. మామ కళ్ల నిండా నీళ్లు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుని అన్నాడు.

‘‘ఒక్కడైతే ఏందబ్బా? ఎదురొచ్చేవోడు గూడా ఒక్కడే గదా. ఆ ఒక్కణ్ణి ఆపలేనోడు ఎందుకు?’’

ఆ క్షణంలో మామ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. నాయన ముఖం కోపంతో కందిపోయింది. తల అడ్డంగా ఊపి, ఎదురుగా ఉన్న గవ్వ పక్కకు ఇంకో గవ్వను జరిపి, దాని మీద వేలు పెట్టాడు. మామ వైపు చూశాడు. పెదాలు విడిపోతున్నాయి, మూసుకుంటున్నాయి.

అమ్మ ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. ఇన్నేళ్లు ఆ కేకలు వింటూ వంట చేసిన మనిషి. ఆయన వెతుకుతున్న మాట, ఎదురొచ్చింది ఎంతమందో చెప్పే ఆ ఒక్క మాట, ఆమెకు తెలుసు, మా అందరికీ తెలుసు. ఆమె పెదాలు కూడా ఆ మాట కోసమే కదిలాయి. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మాతోపాటు అక్కడే కూర్చుంది.