టూరు క్యాసెట్టులో నాయన గొంతు

ఢిల్లీబాబు వీడియో తీయకపోతే చిత్తూరులో పెళ్లి పెళ్లే కాదనేవారు. అది ముప్పై ఏళ్ల కిందటి మాట. ఇప్పుడాయన పాత క్యాసెట్లను పెన్‌డ్రైవుల్లోకి ఎక్కిస్తూ, ఆనాటి తన పనితనం చూసి తానే మురిసిపోతుంటాడు.

మొన్న కోమలి ఒక క్యాసెట్టు తెచ్చింది. మామిడికాయల మండీ యోగానంద కూతురు. ఆమెకు ఆరేళ్లప్పుడు ఇంటిల్లిపాదీ వ్యానెక్కి మద్రాసులో ఆటల పార్కుకు పోతూ, పెళ్లికి తీసినవాడే టూరుకూ తీయాలని ఢిల్లీబాబును వెంటబెట్టుకుపోయారు. మరుసటేడే యోగానంద పోయాడు.

"బొమ్మ కోసం కాదు మామా, ఫోటోలుండాయి. నాయన గొంతే గుర్తుకు రాలేదు. ఒక్కతూరి ఇనాల," అంది కోమలి.

క్యాసెట్టు ఆడింది. పుత్తూరు దగ్గర ఇడ్లీలు, పార్కులో జెయింటువీలు, తెర మూలల్లో ఎగిరే గులాబీలు. యోగానంద నోరు తెరిచినప్పుడల్లా డ్యూయెట్టు. ఆ రోజుల్లో మిక్సింగంటే అసలు శబ్దం తీసేసి సినిమా పాట వేయడమే. జనం గోల వినిపిస్తే పని రానివాడనేవాళ్లు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరకుండిపోవచ్చు. ఢిల్లీబాబుకు మనసొప్పలేదు.

"నేనే తుడిసేసినాను మా," అన్నాడు.

కోమలి క్యాసెట్టును సంచిలో పెట్టుకుని లేచింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

కెమెరాలో తిరిగిన, అసలు శబ్దమున్న మొదటి క్యాసెట్టునైనా దాచాడా మహానుభావుడు? దాని మీదే ఎవరింట్లోనో చెవులు కుట్టే వేడుకను రికార్డు చేసేశాడు. మూడు రోజులు అటకంతా గాలించి దాన్ని పట్టుకుని, కోమలిని పిలిపించాడు. వేడుక చిన్నది. ఆచారి వచ్చాడు, పిల్ల ఏడ్చింది, భోజనాలయ్యాయి. ఆ తర్వాత తెర గీతలు గీతలుగా వణికింది. అడుగున మిగిలిన పాత టూరు బయటపడి, జెయింటువీలు పైకి లేచింది. ఈసారి పాట లేదు.

"దించండప్పా, మీకు దండం పెడతా. పాపా, నా చెయ్యి గట్టిగా పట్టుకో మా. ఇడవద్దు."

మండీలో పదిమందిని గదమాయించిన యోగానంద, మేకపిల్లలా అరుస్తున్నాడు. కోమలి పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇన్నాళ్లూ నాయనే నన్ను పట్టుకోనుండాడు అనుకుంటి మామా," అంది. "నేను కదా ఆయన్ని పట్టుకోనుండేది."