పిన్నికి కుదరని శనగల కూర

మా పిన్ని డిగ్రీ చదివింది, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆమె చేతిలో కొలత తప్పడం ఎవరూ చూడలేదు. ఆమెకు లొంగనిది ఒక్క శనగల కూరే. పెళ్లైన కొత్తలో మా అమ్మ దగ్గర నేర్చుకుంది. శనగలు రాత్రంతా నానబెట్టడం, ఉల్లిపాయలు ఎర్రగా వేయించడం, గరం మసాలా చివర్లో చల్లడం, అన్నీ అమ్మ చెప్పినట్టే చేసేది. అయినా కూర పాలిపోయి వచ్చేది. ఎక్కడ తప్పు చేస్తున్నానని పదిహేనేళ్లుగా అమ్మనే అడుగుతోంది.

మొన్న ఆదివారం పిన్ని, బాబాయి భోజనానికి అనుకున్నదానికంటే ముందే వచ్చారు. అమ్మ స్నానానికి వెళ్లింది. పిన్ని వంటింట్లోకి వచ్చి మూత తీస్తే, ఉడుకుతున్న శనగల మధ్య చిన్న గుడ్డమూట తేలుతోంది. గరిటెతో పైకి తీసి వాసన చూసింది. అది టీపొడి. శనగలు ముదురు రంగులో నిగనిగలాడుతున్నాయి.

అమ్మ తల తుడుచుకుంటూ వచ్చింది.

"ఇదేంటక్కా?"

"రంగు కోసంలేవే. నీకు చెప్పలేదూ?"

"ఒట్టేసి చెప్పు, చెప్పావా?"

అమ్మ మూట లాక్కుని సింకులో పడేసింది. "చదువూ నీకే వచ్చింది, పనితనమూ నీకే వచ్చింది. ఇదొక్కటి నాకు ఉంచుకోకూడదా?"

"అడిగితే నీకే వదిలేసేదాన్ని కదక్కా! నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను ఇన్నేళ్లూ."

భోజనాల దగ్గర బాబాయి రెండోసారి కూర వేయించుకుంటూ, "ఏమేవ్, ఇంకో పదిహేనేళ్లు మీ అక్క దగ్గర ట్యూషన్‌కి వెళ్లు" అన్నాడు. పిన్ని తలెత్తి అమ్మ వైపు చూసింది. అమ్మ ఆ మాటకు పకపకా నవ్వి, బాబాయి కంచంలో ఇంకో గరిటె వేసింది.