భీమవ్వ నలుగుపిండి

ఆర్మూర్ మార్కెట్ దారిలో భీమవ్వ పేరు చెబితే ఇల్లు ఎవరైనా చూపిస్తారు. ఇరవై ఏళ్లు పసుపు కళ్లాల్లో కొమ్ములు ఏరిన మనిషి. మొగుడు పోయాక పెసర్లు, కచ్చూరాలు, పసుపు కలిపి మర పట్టించి, నలుగుపిండి అమ్ముకుంటూ బతికింది. ఆమె పిండి పడలేదన్న వాళ్లు లేరు. అది మాత్రం ఒప్పుకోవాలి.

పాడుబుద్ధి పోయినేడు పుట్టింది. కొమ్ముల ధర మండిపోతుంటే, ఎవడో ముఖం తెలియనివాడు పట్టించిన పసుపు చవగ్గా తెచ్చాడు. ఆ రంగు చూసి మురిసిపోయి రెండు బస్తాలు దింపించుకుంది. ఆ ఊపులోనే డబ్బాలు కొని, లేబుళ్లు కొట్టించబోయింది. ప్రింటింగ్ షాపు గంగాప్రసాద్ లైసెన్స్ నంబర్ అడిగాడు. ఆమె ఇంటికెళ్లి సబ్బు కాగితం తెచ్చిచ్చింది.

"గీ నంబరే ఎయ్యి. ఎవరు జూస్తరు?"

నెల తిరక్కుండా పక్కింటి సువార్త కూతురు, ఆరేళ్ల రూతు, ముఖమంతా బొబ్బలతో దవాఖానలో పడింది. ఎండ దెబ్బేమోలే అని భీమవ్వ రెండు రోజులు తనకు తానే సర్దిచెప్పుకుంది. ఏం మనసో అది!

మూడోరోజు ఉండబట్టలేక దవాఖానకు వెళ్లింది. రూతు మంచం పక్కన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నలుగుపిండి డబ్బా తిప్పి చూస్తున్నాడు.

"ఏమేం కలిపారో దీనిమీద రాయాలి కదమ్మా. లేదేం?"

సువార్తే అడ్డంపడింది. "పెద్దమ్మను ఏమనకుండ్రి సారూ. గవర్నమెంటోళ్లు జూసే నంబర్ ఇచ్చిండ్రు. గది జూసే నా బిడ్డకు పూసిన."

భీమవ్వ నోరు మూసుకుంటే ఆ పూటకు గండం గడిచేది. కానీ పిల్ల కళ్లు వాచిపోయి తెరుచుకోవడం లేదు.

"గా నంబర్ నాది గాదు సారూ. సబ్బు కాగితం మీదిది. నాకు లైసెన్సే లేదు."

సువార్త వచ్చి తన జుట్టు పట్టుకుంటుందనుకుంది. పట్టుకున్నా బాగుండేది. ఆ తల్లి దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"గది తర్వాత జూసుకుందాం పెద్దమ్మా. దాంట్ల ఏం కలిసిందో తెలిస్తే మందు మారుస్తనంటున్నడు డాక్టర్ సారు. జర చెప్పు."

పెసర్లు చెప్పింది. కచ్చూరాలు చెప్పింది. పసుపు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"పసుపుల ఏమున్నదో నాకు తెల్వదు బిడ్డా."