మాస్టారి పద్యానికి అర్థం

మాస్టారు గురువారం పొద్దున పోయారు. ఆ కబురు ఇక్కడ ఉత్తరాదిలో, మా ఇందిరాపురం అపార్ట్‌మెంట్ల సొసైటీ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ పెట్టాడు. ‘మనందరం గర్వించదగ్గ కళాకారుడు’ అని రాశాడు. అది చదివితే నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

ఎందుకో చెబుతాను.

మాస్టారు సైన్యంలో చేసి రిటైరైన మనిషి. మాది కాకినాడ, ఆయనది బొబ్బిలి వైపు. ఆదివారాలు వాళ్ల ఫ్లాట్లో నాకు పద్యం నేర్పేవారు. ఇంత దూరంలో నా నోట తెలుగు మిగిలిందంటే ఆయన చలవే. పాడేముందు చేతి గడియారం తీసి బల్లమీద పెట్టేసేవారు. ‘‘రాగం తీస్తూ టైము చూసుకుంటే అది పరేడమ్మా, పద్యం కాదు’’ అనేవారు.

మాస్టారి ఎదురు ఫ్లాట్లో ఉండే, ఉత్తరాది కొండప్రాంతం నుంచి వచ్చిన గఢ్వాలీ ఆంటీకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా బఠాణీలు ఒలుచుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చునేది. ఒకరోజు మాస్టారు తాను బ్యారక్‌లో ఉండగా రాసుకున్న పద్యం అందుకున్నారు. సెలవు మీద వస్తానన్న కొడుకు కోసం ఒక తల్లి అన్నం వడ్డించి పెట్టి, తలుపు దగ్గర నిలబడి వీధివైపు చూస్తూ ఉంటుంది అందులో. ఆంటీ చేతులు ఆగిపోయాయి.

‘‘కోయీ ఘర్ నహీ లౌటా, హై నా మాస్టర్‌జీ?’’ అంది. ఎవరో ఇంటికి తిరిగి రాలేదు కదా, అని. ఆమె భర్త కూడా జవానే. సరిహద్దు నుంచి తిరిగి రాలేదు.

మాస్టారు నావైపు తిరిగి, ‘‘ఇన్నేళ్లూ మనవాళ్లు విని గొంతు బాగుందన్నారమ్మా. ఈవిడ ఒక్కతే తలుపు దగ్గర ఆ తల్లిని చూసింది’’ అన్నారు.

కిందటి దీపావళి వేడుకలో ఆయన అదే పద్యం పాడుతుంటే సెక్రటరీ వేదికెక్కి మైకు లాక్కున్నాడు. ‘‘అంకుల్‌జీ, యే భాషా యహా కౌన్ సమ్‌ఝేగా?’’ ఈ భాష ఇక్కడెవరికి అర్థమవుతుందని నవ్వాడు. జనమూ నవ్వారు. డాన్సు పాట మోగింది. ఆ తర్వాత మేమెంత బతిమాలినా మాస్టారు గొంతు విప్పలేదు.

సంతాప సభలో ఆ సెక్రటరీయే పొగడ్తలు మొదలుపెట్టాడు. నేను వెళ్లి మైకు అడిగి తీసుకున్నాను. దీపావళి నాడు జరిగిందంతా హిందీలో, అందరి ముందూ, ఒక్క మాట మింగకుండా చెప్పాను.

‘‘ఆజ్ ఛోడియే నా, దీదీ’’ అని గొణిగాడు. ఇవాళ్టికి వదిలేయమని.

‘‘నహీ ఛోడూంగీ’’, వదిలేది లేదన్నాను. మైకు ఆంటీ చేతికిచ్చాను.

వినీ వినీ తనకు నోటికొచ్చిన ఆ పద్యాన్ని ఆమె పాడింది. ఒత్తులు తప్పాయి, మాటలు విరిగాయి. హాల్లో ఎవరూ కదల్లేదు. నేను మాత్రం సెక్రటరీనే చూస్తూ నిలబడ్డాను, అతను తల దించుకునేదాకా. నా కడుపు చల్లబడింది. దాచుకోవడం దేనికి?

సభ అయ్యాక లిఫ్టు దగ్గర నన్ను ఆపాడు. ‘‘దీదీ, ఉస్‌కా మత్‌లబ్ క్యా థా?’’ దాని అర్థమేమిటని అడిగాడు.

‘‘ఉన్‌సే పూఛ్‌నా థా’’ అన్నాను. ఆయన్నే అడగాల్సింది. నేను మాత్రం అర్థం చెప్పలేదు. ఈ జన్మకి చెప్పను.

అతను లిఫ్టు ఎక్కాడు. తలుపులు మూసుకుంటుండగా కనబడ్డాడు. అద్దానికి ఆనుకుని, కళ్లు మూసుకుని, ఆంటీ చివర్లో సాగదీసిన రాగాన్ని మెల్లగా, తప్పుతప్పుగా, తనలో తానే కూనిరాగంగా తీస్తున్నాడు.