అంచున తేలిన జబ్బు పేరు

ఇరవై ఏళ్లుగా సినిమాల్లో హెయిర్ డ్రెసర్‌ని. హీరోయిన్ల జుట్టు పాయలు తీసి, పిన్నులు పెట్టి, పైన విగ్గు కూర్చోబెట్టడం నా పని. ఒకరోజు ఫిల్మ్ నగర్‌లోని మా ఇంట్లో తల దువ్వుకుంటుంటే నడినెత్తిన మండింది. తడిమితే రూపాయి బిళ్లంత మేర నున్నగా తగిలింది.

నా అసిస్టెంట్ యాదమ్మ చూడగానే తేల్చేసింది. “గిది పేనుకొరుకుడే అక్కా. జర ఎల్లిగడ్డ రుద్దు, పోతది.”

డిగ్రీ చదివి కూడా వెల్లుల్లి రుద్దాను. బొబ్బలెక్కింది. వీధి చివర డాక్టరు ఆ బొబ్బలు చూసి ఫాలిక్యులైటిస్, అంటే కుదుళ్ల ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ రాశాడు. ఇంకొకాయన పేనుకొరుకుడికే ఇంగ్లీషులో అలోపీసియా ఏరియేటా అని లోషన్ ఇచ్చాడు. బారసాలకు వచ్చిన చుట్టాల్లా ఒక్కొక్కరూ ఒక్కో పేరు పెట్టారు. ఈలోగా మచ్చ రెండింతలైంది.

చివరికి జూబ్లీహిల్స్‌లో ఒక స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ భూతద్దంలాంటి పరికరంతో డెర్మోస్కోపీ చేసి, కుదుళ్ల రంధ్రాలే పూడిపోయాయని, ఇది స్కారింగ్, అంటే కుదుళ్లు మచ్చకట్టే రకమని చెప్పింది. అందులో కుదురు చచ్చిపోతే ఇక వెంట్రుక మొలవదట. అందులోనూ రకాలున్నాయి, రకాన్ని బట్టే మందు. చిన్న ముక్క కోసి బయాప్సీ చేయాలంది. అదీ మచ్చ అంచున, వెంట్రుకలున్న చోట.

నేను ఊరుకుంటానా? “ఉన్న నాలుగు వెంట్రుకలూ మీరే పీకుతారా? ఊడిన చోటే కోసుకోండి” అన్నాను. ఆవిడ రెండుసార్లు నచ్చజెప్పింది. అలా అయితే సంతకం పెట్టనన్నాను. ఫలితం తేలకపోవచ్చని కేసు షీటు మీద రాసి, మధ్యలోనే తీసింది.

రిపోర్టులో అంతా మచ్చ కణజాలమే, రకం చెప్పలేమని వచ్చింది. ఆ కొన్ని వారాల్లోనే మచ్చ పాపిట దాకా పాకింది. ఇలాగే సాగితే నెత్తంతా నున్నబడ్డాక పేరు తెలిసి ఏం లాభం?

డాక్టరమ్మ దెప్పలేదు. “మంట ఆరిన చోట బూడిదే ఉంటుందండీ. అంచున ఇంకా కాలుతోంది. అక్కడ చూడనివ్వండి” అంది.

సంతకం పెట్టి తల వంచాను. నాలుగు మిల్లీమీటర్ల ముక్క, రెండు కుట్లు.

ఈసారి పేరు తేలింది: లైకెన్ ప్లానోపైలారిస్. నా ఒంటి రక్షణ కణాలైన లింఫోసైట్లే నా కుదుళ్ల మీద పడ్డాయట. చీము కణాలు కనబడి ఉంటే జబ్బూ వేరు, మందూ వేరు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు, అవి కళ్లకు చేటు చేయొచ్చని కంటి పరీక్షలు, పైన రాయడానికి స్టెరాయిడ్ మొదలయ్యాయి. మూడో నెలలో మంట మళ్లీ తిరగబెట్టింది. అంచు చుట్టూ ఇంజెక్షన్లు ఇచ్చారు. పళ్లు బిగబట్టి చేయించుకున్నాను.

ఏడాది దాటింది. ప్రతి విజిట్‌లో ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తుంది డాక్టరమ్మ. అంచు వెంట్రుకవాసి కూడా జరగలేదు. మంట లేదు, దురద లేదు.

పోయిన జుట్టు రాలేదు. రాదు కూడా. ఆ మచ్చను నేను కప్పుకోను. మొన్న మేకప్ రూమ్‌లో ఒక కొత్త హీరోయిన్ జాలిగా చూస్తుంటే చెప్పాను: “యుద్ధంలో ఒక ఊరు పోయిందమ్మా. మిగతా రాజ్యమంతా నాదే.”

తలలో నున్నటి మచ్చ కనబడితే, కుదుళ్లు బతికున్నాయా చచ్చిపోయాయా అని ముందు స్కిన్ డాక్టర్ని అడగండి. వాదించాలనిపిస్తే వాదించండి, నేను వద్దనను. కానీ కత్తి ఎక్కడ పెట్టాలన్నది మాత్రం వాళ్లకే వదిలేయండి.