నాలుగో మచ్చ

1976 జూన్‌లో నన్ను అనంతపురం జిల్లాలో ముదిగుబ్బకు పడమటి వైపున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వైద్యాధికారిగా వేశారు. నాకది రెండో పోస్టింగు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు, నోరు కాస్త ఎక్కువ, ఓపిక తక్కువ. సిబ్బంది ఒక కాంపౌండరు, ఇద్దరు నర్సమ్మలు. ఒక జీపు కూడా ఉండేది గానీ అది కదలగా నేనెప్పుడూ చూడలేదు.

అక్కడ నాకు ఒళ్లు మండించిన విషయం వాతలు. పసిబిడ్డకు జ్వరాలు వచ్చి, పొట్టలో ఎడమ పక్క గట్టిగా తగిలితే దాన్ని బల్ల అంటారు. మా వైద్యంలో అది ప్లీహం వాపు, చాలాసార్లు మలేరియా వల్ల వచ్చేది. మాత్రలతో తగ్గేదానికి పసుపుకొమ్మును నిప్పుల్లో కాల్చి బిడ్డ పొట్ట మీద అంటించేవారు. పుళ్లు చీము పట్టాక నా దగ్గరికి మోసుకొచ్చేవారు. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లకు ఈ పని చేసేది మారెక్క అనే పెద్దావిడ. అరవై దాటినా నడుం వంగని మనిషి. నేను చేరిన మూడో నెలలోనే ఆమె వాకిట్లో నిలబడి, ఇంకొక బిడ్డను కాల్చావంటే పోలీసులకు పట్టిస్తానని అరిచి వచ్చాను. ఆమె వక్కాకు నములుతూ అంతా విని, నేను పుట్టకముందు ఈ ఊరి బిడ్డలను చూసిందెవరో కనుక్కుని రమ్మంది.

మరుసటి ఏడాది వేరుశనగ విత్తే రోజుల్లో కదిరప్ప నా దగ్గరికి వచ్చాడు. గొర్రెల కాపరుల ఇంట పుట్టి, సైన్యంలో చేరి, పదాతి దళంలో పదిహేనేళ్లు పనిచేసి నాయక్‌గా దిగిపోయాడు. నాయక్ అంటే చొక్కా చేతి మీద రెండు పట్టీలుండే హోదా, చేతి కింద పదిమంది దాకా జవాన్లు ఉంటారు. ఊళ్లో మళ్లీ గొర్రెలు తోలుతున్నా, భుజాన కంబళి ఉన్నా, నడక మాత్రం కవాతు నడకే. చేతిలో డిశ్చార్జి బుక్కు ఉంది. సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే ఆ చిన్న పుస్తకంలో మనిషి సర్వీసంతా ఉంటుంది. చేరిన తేదీ, పనిచేసిన చోట్లు, పతకాలు, ప్రవర్తన, ఒంటి మీద గుర్తులు, తగిలిన గాయాలు.

అతని తగాదా ఆ చివరి రెండింటితో. డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు సరిహద్దున మోర్టారు గుండు పేలి ఒక ముక్క అతని పొట్ట కండలో దిగింది. ఫీల్డు ఆసుపత్రిలో తగిలిన చోటు నుంచే దాన్ని తీసి కుట్లు వేశారు. కోలుకుని మళ్లీ దళంలో చేరాడు. ఆ ఆసుపత్రి కాగితం ఎక్కడో పోయింది. నాలుగేళ్ల తర్వాత, దిగిపోయే ముందు అతన్ని పరీక్ష చేసిన డాక్టరు పొట్ట మీద వరసగా నాలుగు మచ్చలు చూసి, అవి చిన్నప్పటి వాతలనీ, సైన్యంలో చేరకముందువనీ రాసి, గాయాల గడిలో 'లేవు' అని పెట్టాడు. చేరినప్పటి కాగితంలో వాతల మచ్చలు ఉన్నట్టు రాశారు గానీ ఎన్ని ఉన్నాయో రాయలేదు.

ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవాడు బ్రాంచి పోస్టుమాస్టరు ఒక్కడే. ఒకరోజు కదిరప్ప యుద్ధం సంగతులు చెబుతుంటే, ఆయన ఆ పుస్తకం అడిగి తీసుకుని పోస్టాఫీసు అరుగు మీద నలుగురికీ చదివి వినిపించాడు. గాయాలు లేవు, అన్నీ వాతలే. ఆ రోజు నుంచి అతనికి వాతల సిపాయి అని పేరు పడింది. అంతకుముందు రెండేళ్లూ ఆగస్టు పదిహేనుకు బడిలో జెండా ఎగరేసింది అతనే. ఇక ఆ జెండా దగ్గరికి రానన్నాడు. పింఛను అతనికి వస్తూనే ఉంది. అతనికి కావలసిందల్లా ఆ 'లేవు' అన్న మాట కొట్టేయడం.

ఇలాంటి దరఖాస్తు జిల్లాలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే కార్యాలయం ద్వారా, దళానికి చెందిన రికార్డు ఆఫీసుకు పోవాలి. వెంట ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్టు ఉండాలి. అందుకే నా దగ్గరికి వచ్చాడు. ఆ ఉదయమే చీముపట్టిన వాతలతో ఒక బిడ్డను చూసి ఉన్నాను. కదిరప్ప చొక్కా ఎత్తాడు. నాకు అతను కనబడలేదు, మారెక్క కనబడింది. రెండు నిమిషాల్లో పరీక్ష ముగించి, నాలుగూ వాతల మచ్చలేనని రాశాను. అంతటితో ఆగానా, ఈ ప్రాంతపు దురాచారం గురించి ఒక వాక్యం కూడా తగిలించాను. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. సెల్యూట్ కొట్టి తీసుకుపోయాడు.

దాదాపు ఏడాదికి జవాబు వచ్చింది. దాన్ని పోస్టుమాస్టరు చేత చదివించడం ఇష్టం లేక నా దగ్గరికే తెచ్చాడు. దరఖాస్తు తిరస్కరించారు. కారణం కింద, ప్రభుత్వ వైద్యాధికారి అభిప్రాయం అంటూ నా వాక్యాలే ఎత్తి రాశారు. నేను రాసింది నేనే అతనికి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. అతను అటెన్షన్‌లో నిలబడి విన్నాడు.

"మేడమ్ సాబ్, మీరు చూసి రాసింటే నాకేం బాధ లేదు," అన్నాడు. "చూసినారా?"

పరీక్ష బల్ల మీద పడుకోమన్నాను. ఈసారి అరగంట పట్టింది. మూడు మచ్చలు పలచగా, నున్నగా, చర్మంతో పాటు జరుగుతున్నాయి. నాలుగోది వాటి వరసలోనే, నాభికి దగ్గరగా ఉంది. పొట్ట బిగించమంటే అది ఒక్కటే లోపలికి గుంట పడింది. లోతుగా దిగిన గాయం మానినప్పుడు మచ్చ కింది పొరలకు అతుక్కుంటుంది. పైపైన కాల్చిన వాతకు అలా జరగదు. వైద్యం చదివిన వాళ్లెవరైనా వేలు పెట్టి చూస్తే చెప్పగలరు. నేను వేలు పెట్టలేదు, అంతే.

అనంతపురం పంపి ఎక్స్‌రే తీయించాను. ముక్క ఎప్పుడో తీసేశారు కాబట్టి అందులో ఏమీ లేదు. జిల్లా కార్యాలయంలో ఈ ఫైళ్లు చూసే రిటైర్డు సుబేదారును కలిశాను. ఆయన మర్యాదగానే చెప్పాడు. ఒకే డాక్టరు ఒకే పొట్ట మీద రెండు రకాలుగా రాస్తే రికార్డు ఆఫీసు రెండూ పక్కన పెడుతుంది. సైన్యంలో చేరకముందు అతనికి మూడే మచ్చలుండేవని చెప్పగల మనిషి ప్రమాణం చేసి చెప్పాలి. కదిరప్ప తల్లి అప్పటికే పోయింది. ఇక ఆ సంగతి తెలిసినది వాతలు పెట్టిన మనిషికే.

మారెక్క ఇంటికి రెండోసారి పోయాను. ఈసారి వాకిట్లో అరవలేదు, లోపలికి పిలిచేదాకా ఆగాను. వచ్చిన పని చెప్పాను.

"కాలిస్తే జైల్లో ఏయిస్తానంటివి," అంది. "ఇప్పుడు కాల్చినానని ప్రమాణం చేయమంటాండావు. ఏందమ్మా నీ కత?"

ఆమె అనుమానం న్యాయమైనదే. కాబట్టి దాచకుండా చెప్పాను. కదిరప్ప పొట్ట మీద నాలుగు వాతలున్నాయని నేను తప్పు రాశాననీ, దానివల్ల అతని మాట అబద్ధమైందనీ అన్నాను. ఆమె నమలడం ఆపేసింది.

"నాలుగా? నేను నాలుగు పెట్టేదేంది? మా అత్త నాకు నేర్పింది మూడు. ఏ బిడ్డకీ నాలుగు పెట్టలేదు నేను."

సిపాయి పరువు మాట ఎలా ఉన్నా, తన పనితనానికి మాట వచ్చిందన్నది ఆమెకు తగిలింది. అప్పటికప్పుడు లేచి, నాకంటే ముందు నడిచి కదిరప్ప ఇంటికి పోయింది. చొక్కా తీయమని, తన రెండు వేళ్లూ అతని పొట్ట మీద ఆనించింది.

"ఈ మూడూ నావి. రెండు వేళ్ల సందు పెట్టి ఏసినా. వాడు పెరిగినాడు, సందూ పెరిగింది, మచ్చలూ సాగినాయి. ఇది యాడ సాగింది? సందు కూడా తక్కువుండాది. వాడు పెద్దోడైనంక పడింది ఇది. నాది కాదు."

నేను టేపు తీసి కొలిచాను. పై మూడూ కోలగా సాగి, మధ్య దూరం సమానంగా ఉన్నాయి. నాలుగోది చిన్నగా, గుండ్రంగా, మూడోదానికి మరీ దగ్గరగా ఉంది. చిన్నప్పటి మచ్చ ఒంటితో పాటు పెరుగుతుందని నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. ఆ ఊళ్లో దాన్ని నాకు గుర్తుచేసింది నేను పోలీసులకు పట్టిస్తానన్న మనిషి. సిగ్గుపడ్డాను, కానీ అంతకంటే ఎక్కువ సంతోషపడ్డాను.

ఒక్క మనిషి పొట్ట కొలిస్తే చాలదని నాకు తెలుసు. ఆమె పద్ధతి ఎప్పుడూ ఇదేనని చూపించాలి. ఆ మాట చెప్పగానే మారెక్క ఇల్లిల్లూ తిరిగింది. ఆదివారం పొద్దున బడి ఆవరణలో ఇరవై ముగ్గురు మగవాళ్లు వరసగా నిలబడి చొక్కాలు ఎత్తారు. కదిరప్పను వాతల సిపాయి అన్నవాళ్లే వాళ్లంతా. నేను కొలుస్తుంటే కాంపౌండరు రాసుకున్నాడు. అందరికీ మూడే, అన్నీ సాగినవే, సందులు సమానమే. చివర పోస్టుమాస్టరు మిగిలాడు. గుండీలు విప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"నీకూ నేనే పెట్టింటి గదప్పా," అంది మారెక్క. "నాలుగోది ఉండాదేమో చూసుకో."

ఆయనకూ మూడే. తర్వాత మారెక్క తహశీల్దారు ముందు వేలిముద్ర వేసిన వాంగ్మూలం కింద మొదటి సాక్షి సంతకం ఆయనే చేశాడు. ఆ వాంగ్మూలానికి మారెక్క ఒక షరతు పెట్టింది. తాను చేసింది చేసినట్టు రాయాలి, అది తప్పని అందులో రాయకూడదు. మెచ్చుకోలు కూడా ఉండదని నేనన్నాను. సరేనంది.

రెండో సర్టిఫికెట్టు మొదటి వాక్యం, ఇంతకుముందు నేనిచ్చినది తప్పు అని. జిల్లాలోని మా పై అధికారి, అలా రాస్తే సంజాయిషీ అడగాల్సి వస్తుందని ముందే హెచ్చరించారు. అడిగారు కూడా. పరీక్ష సరిగా చేయలేదని ఒక్క పేజీలో ఒప్పుకున్నాను. నా సర్వీసులో చాలా కాగితాలు రాశాను. వాటిలో ఇప్పటికీ గర్వంగా చెప్పుకునేది ఆ మొదటి వాక్యమే.

1979 ఎండాకాలంలో రికార్డు ఆఫీసు నుంచి సవరణ ఉత్తర్వు, సరిదిద్దిన డిశ్చార్జి బుక్కు వచ్చాయి. ఆసుపత్రి వరండాలో చదివాను. పొట్ట మీద మూడు మచ్చలు సైన్యంలో చేరకముందువి, నాలుగోది యుద్ధ విధుల్లో గుండు ముక్క తగిలిన గాయం. కదిరప్ప మడమలు కలిపి నిలబడ్డాడు. చదవడం అయ్యాక కూడా అలాగే ఉన్నాడు, నేనే కూర్చోమన్నాను. మారెక్క స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది.

"మూడూ నావేనని రాసినారా?" అని అడిగింది.

రాశారన్నాను. తల ఊపి, చెంగు దులుపుకుని వెళ్లిపోయింది.

ఆ ఆగస్టు పదిహేనుకు జెండా తాడు కదిరప్ప చేతికి ఇచ్చింది పోస్టుమాస్టరే. నేనూ వెళ్లాను. మారెక్క వేరే జబ్బులకు వాతలు మానలేదు. కాకపోతే బల్ల ఉన్న బిడ్డ ఎవరొచ్చినా ముందు నా దగ్గరికి పంపేది, నా చేత కాకపోతే తిప్పి పంపమని కబురు పెట్టేది. నేను ఉన్న మిగతా మూడేళ్లలో ఒక్కరినీ తిప్పి పంపలేదు.

ఈ సంఘటన నాకు నేర్పింది ఒక్కటే. సర్టిఫికెట్టులో డాక్టరు చూసినది ఉండాలి, డాక్టరుకు కోపం తెప్పించినది ఉండకూడదు. ఆ తర్వాత పాత మచ్చ కనబడితే, ముందు వేలు పెట్టి చూసేదాన్ని, ఆ తర్వాత అది ఎవరు చేశారో అడిగేదాన్ని. కదిరప్పకు ఇచ్చిన రెండు సర్టిఫికెట్ల నకళ్లూ దాచుకున్నాను. తర్వాత నేను పనిచేసిన పెద్దాసుపత్రిలో నా దగ్గర కొత్తగా చేరిన డాక్టర్లకు ఆ రెండూ చూపించేదాన్ని, ముందు మొదటిది.