బైబిలు కవరులో పట్టే టాబ్లెట్

ఆమోసు అన్నయ్య గొంతు గురించి ముందే చెప్పేస్తాను. ఐర్లండ్‌లోని డండాక్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసం ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకునే స్కూలు హాల్లో మైకు ఉంది. ఆయన పాడుతుంటే దాన్ని ఎవరూ ఆన్ చేయరు. ఆయన పల్లవి ఎత్తుకున్నాడంటే కార్ పార్కులో కుక్కను తిప్పుకునే ఐరిష్ ముసలాయన ఆగి మరీ హాలు వైపు చూస్తాడు. పుట్టింది రేపల్లె దగ్గర, చేసేది ఇక్కడి వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కేరర్ ఉద్యోగం. మేమంతా ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ మా పాటలు నడిపేది ఆయనే. మంచివాడు. మంచివాళ్లతో వచ్చే చిక్కే అది, గట్టిగా తిట్టడానికి వీలుండదు.

నా పేరు రోజీ. ఆయన భార్య లీలారాణి వదినా నేనూ ఒకేచోట నర్సులం. ఆదివారం ఆడవాళ్ల వైపు వరసలో ఆమె పక్క కుర్చీ నాది. కాబట్టి ఈ ఊళ్లో లీలారాణి వదిన పాట సరిగ్గా విన్నది నేనొక్కదాన్నే. పెళ్లికి ముందు నర్సింగ్ స్కూలు క్వయర్‌లో ముందు వరసలో నిలబడి పాడిన మనిషి. పెళ్లయ్యాక అన్నయ్య గొంతు కింద ఆ గొంతు ఎక్కడ పడిపోయిందో ఎవరూ వెతకలేదు. నాకు ఒళ్లు మండిపోయేది. "నువ్వూ ముందుకెళ్లి పాడొచ్చుగా వదినా" అంటే, "ఆయనకి అదొక్కటే సరదా రోజీ. పాడుకోనీలే" అనేది.

పోయిన నవంబరులో ఆమోసు అన్నయ్య పాటల పుస్తకాన్ని కారు పైన పెట్టి, డిక్కీలో బిర్యానీ గిన్నె జాగ్రత్తగా సర్దుకుని, పుస్తకం సంగతి మరిచి బండి పోనిచ్చాడు. వెనక్కి వచ్చి వెతికితే రౌండబౌట్ దగ్గర దొరికింది. అప్పటికే దాని మీద వాన పడింది, పాల ట్యాంకరు కూడా వెళ్లింది. ఆయన ఆ ముద్దను ఇంటికి తెచ్చి రేడియేటర్ మీద ఆరబెట్టాడు. ఆరాక అది అప్పడంలా విరిగింది.

ఊరినుంచి బంధువులెవరో పుస్తకం మొత్తాన్ని స్కాన్ చేసి ఫోన్‌కి పంపారు. కానీ ఆ ఫోన్లో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఇన్నేళ్లు పాడినా పుస్తకం చూడందే ఆయనకు ఒక్క పాటా నోటికి రాదు. రెండు ఆదివారాలు ఆయన కళ్లు చికిలించి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి పాడుతూ మధ్యలో ఆగిపోయాడు. అది చూసి జయకర్ లేచాడు. జయకర్ డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక పరిష్కారం ఉంటుంది. ప్రొజెక్టర్ తెస్తాననీ, గోడ మీద పాటా, స్పీకర్లో రికార్డు చేసిన సంగీతమూ వస్తే అందరూ కలిసి పాడొచ్చనీ అన్నాడు. కృపారావు పాస్టరుగారు ఎవరినీ నొప్పించని మనిషి. "క్రిస్మస్ ఆరాధన ఆమోసే నడిపిస్తాడు. మధ్యలో ఆగకుండా సాగితే సరే. లేకపోతే కొత్త సంవత్సరం నుంచి ప్రొజెక్టరే పెట్టుకుందాం" అని తేల్చేశారు.

ఆ సాయంత్రం నన్ను ఇంటి దగ్గర దింపుతూ ఆమోసు అన్నయ్య స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"వారమంతా ఒకళ్లకి స్నానం చేయిస్తా, ఇంకొకళ్లకి తినిపిస్తా రోజమ్మా. వద్దనటంలా, అదీ దేవుడి పనే. కానీ ఆదివారం ఆ గంటసేపే గదా నేను నాకు కనపడేది. అది కూడా గోడ మీదకి పోతే ఇంకేం మిగిలిద్ది నాకు?"

నిజంగా జాలేసింది. టాబ్లెట్ కొనుక్కోమన్నాను. తప్పు నాదే అనుకోండి, కొనుక్కోమన్నానే గానీ ఎంతది కొనాలో చెప్పలేదు.

చెప్పడానికి ఊరంతా ఉంది. పదమూడు అంగుళాలు తీసుకో, కీబోర్డు కూడా తగిలించుకోవచ్చు అన్నాడు జయకర్. నర్సు ఎవాంజెలిన్ తన యూనిఫాం జేబు చూపించి, ఇందులో పట్టేదే టాబ్లెట్, మిగతావన్నీ టీవీలు అంది. ఆమోసు అన్నయ్య కూతురు ప్రెయిస్ పుట్టింది ఇక్కడే, తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది డండాక్ ఇంగ్లీషు. "డాడీ, జస్ట్ గెట్ గ్లాసెస్" అంది. ఆ ఇంట్లో తెలివిగా మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే, అందుకే ఎవరూ పట్టించుకోలేదు.

ఆమోసు అన్నయ్య మాత్రం ఎవరి మాటా వినకుండా బైబిలు కవరు తీసుకుని షాపుకి బయల్దేరాడు. అది గుంటూరులో కొన్న నల్లటి జిప్పు కవరు, పైన బంగారు రంగు సిలువ. అది చంకలో లేకుండా ఆయన గుడి మెట్టు ఎక్కడు. వదినా నేనూ కూడా వెళ్లాం.

"కవరుకీ దీనికీ ఏంటండీ సంబంధం?" అంది వదిన.

"అదేందే అట్టంటావు! ఆరాధనలో బల్లలాంటిది చేతిలో పట్టుకు నిలబడితే క్రికెట్ చూస్తన్నాననుకుంటారు. ఈ కవర్లో పెట్టి తెరిస్తే బైబిలు పట్టుకున్నట్టే ఉంటది. ఎవరికీ తెలవదు."

షాపులో కెవిన్ అనే కుర్రాడు నవ్వుతూ వచ్చాడు. అన్నయ్య కవరు జిప్పు తీసి బల్ల మీద పరిచి, ఇందులో పట్టేది కావాలన్నాడు. పదమూడు అంగుళాలది దగ్గరకే రాలేదు. పదకొండుది రెండు వేళ్లు బయటికి వచ్చింది. ఎనిమిదిది చక్కగా పట్టింది. అన్నయ్య జేబులోంచి టేపు తీసి దాని పొడవు కొలిచి, మొహం ఎర్రగా చేసుకున్నాడు. ఎనిమిదని చెప్పి ఏడుకు తక్కువ ఇస్తున్నారట. ఒక మూల నుంచి ఎదుటి మూలకి కొలుస్తామని కెవిన్ ఓపిగ్గా వేలితో గీసి చూపించాడు.

"ఐమూలగానా?" అని అన్నయ్య మా వైపు తిరిగాడు. "చీరని ఐమూలగా కొలిచి అమ్మితే మనోళ్లు ఊరుకుంటారా? ఇదేం న్యాయం రోజమ్మా!"

వదిన మెల్లగా పదకొండుది అందుకుంది. "ఏమండీ, దీంట్లో పల్లవీ చరణం ఒకేసారి కనపడతన్నాయి. ఆ చిన్నదాంట్లో అక్షరం పెద్దది చేస్తే చరణం ఒక్కటే ఉంటంది. మళ్లీ పల్లవికి పైకి పోవాలి."

"పాడేది నేను గదా, నీకెందుకు?" అన్నాడాయన. వదిన దాన్ని తిరిగి అక్కడే పెట్టేసింది. నేను నోరు తెరవబోయాను గానీ వదిన నా చెయ్యి గిల్లింది. ఇక్కడ దేనికైనా "గ్రాండ్" అనడం అలవాటు, కెవిన్ అదే అంటూ ఎనిమిదిదే ప్యాక్ చేశాడు.

క్రిస్మస్ ఆరాధన. హాలు నిండిపోయింది, డబ్లిన్ పక్కనున్న లూకన్ నుంచి కూడా కుటుంబాలు వచ్చాయి. జయకర్ ప్రొజెక్టర్‌ను వెనక బల్ల మీద సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఆమోసు అన్నయ్య కొత్త కోటులో ముందుకొచ్చి, కవరు జిప్పు తీసి, కళ్లు మూసి ప్రార్థించి పల్లవి ఎత్తుకున్నాడు. మొదటి చరణం బ్రహ్మాండంగా సాగింది. చరణం అయ్యాక పల్లవికి రావాలి కదా, పల్లవి పైన ఎక్కడో ఉండిపోయింది. వేలితో కిందికి లాగాడు, వచ్చింది. రెండో చరణం తర్వాత కంగారులో కవరు కాస్త ఒరిగింది. తెర అడ్డం తిరిగింది. ఆయన కవరు తిప్పాడు, తెర మళ్లీ తిరిగింది. ఈసారి కోపంగా, పిండి రుబ్బినట్టు ఒక్క లాగు లాగాడు. పుస్తకం ఎన్నో పేజీలు వెనక్కి పరుగెత్తి ఒకచోట ఆగింది. ఆగిన పాటలో పల్లవి అని కనబడగానే ఆయన గొంతెత్తి పాడేశాడు.

అది భూస్థాపన పాట. సమాధి దగ్గర పాడేది.

మాకు అలవాటైపోయింది, ఆయన ఏది పాడితే మేమూ అదే పాడతాం. హాలు హాలంతా, క్రిస్మస్ టోపీలు పెట్టుకున్న పిల్లలతో సహా, మట్టిలో కలిసిపోయే దేహం గురించి భక్తిగా ఒక వరస పాడేసింది. ఆ తర్వాత గానీ అర్థం కాలేదు. "ఓ, స్టాప్, డాడీ!" అని ప్రెయిస్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. అన్నయ్య తెర మీద వేలు గిరగిరా తిప్పుతున్నాడు. ఏ పేజీ వస్తుందో ఆయనకే తెలియదు. అంత పెద్ద గొంతు మొదటిసారి మూగబోయింది. జయకర్ ప్రొజెక్టర్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

అప్పుడు నా పక్కనుంచి పాట వచ్చింది. లీలారాణి వదిన లేవలేదు, ముందుకూ వెళ్లలేదు. కూర్చున్నచోటే క్రిస్మస్ పాట పల్లవి అందుకుని, నెమ్మదిగా మూడో చరణంలోకి వెళ్లింది. చేతిలో పుస్తకం లేదు, ఏమీ లేదు. హాలు మొత్తం తలలు తిప్పి చూసి, తర్వాత ఆమె వెంట పాడింది. జయకర్ చెయ్యి స్విచ్ మీంచి తీసేశాడు. ఆమోసు అన్నయ్య నోరు తెరుచుకుని ఆడవాళ్ల వైపే చూస్తూ నిలబడిపోయాడు. పాట అయిపోయాక కూడా అలాగే చూస్తున్నాడు. నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

పండగ అయ్యాక షాపు తెరిచిన రోజు పొద్దున్నే ఆమోసు అన్నయ్య నాకు ఫోన్ చేసి, "రా అమ్మా, మారుద్దాం" అన్నాడు. వదినను తీసుకొచ్చాడు, కవరు తీసుకురాలేదు. కెవిన్‌తో సూటిగా చెప్పాడు, ఇద్దరం పక్కపక్కన నిలబడితే ఇద్దరికీ కనపడాలి అని. సినిమాలు చూడ్డానికా అన్నాడు కెవిన్. కాదు, పాడటానికి అన్నాడు అన్నయ్య. పదకొండుది ఇద్దరి మధ్యా పట్టుకుంటే వదిన మెడ వంచాల్సి వచ్చింది. పదమూడుది పట్టుకుంటే పైన పల్లవీ కింద చరణాలూ ఇద్దరికీ నిక్షేపంగా కనపడ్డాయి.

"ఏదీ, పాడు చూద్దాం" అన్నాడు.

"ఇక్కడా? జనం ఉన్నారండీ."

"ఉంటే ఉండనీ. పాడు." అని తనే ముందు ఎత్తుకున్నాడు. టీవీల దగ్గరున్న వాళ్లంతా ఇటు తిరిగారు. వదిన పెదాలు కదులుతున్నాయి గానీ నాకు ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఆయనకీ వినబడినట్టు లేదు, చటుక్కున ఆగాడు.

"ఇన్నేళ్లయింది మన పెళ్లయి. నీ గొంతు ఇట్టా ఉంటదని నాకెందుకు చెప్పలేదే?"

లీలారాణి వదిన తెర మీది అక్షరాల వైపే చూస్తూ, కోపం లేకుండా అంది. "చెప్పడమేంటండీ. రోజూ పాడతానే ఉన్నా. మీరు ఆపితే కదా వినపడేది."

ఆయన టాబ్లెట్‌ను రెండు చేతులతో ఆమెకు అనువుగా కాస్త కిందికి దించి పట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాడు.